ఎర్రమ్మ బండి ఊతకాలు

బండ్లు చేసి బతికినవాణ్ణి కాబట్టి బరువు సంగతి నాకు కాస్త తెలుసు. మనిషి తోసే బండిలో బరువు ఇరుసుకి ఎంత ముందుకి పడాలో, ఎంత వెనక్కి పడితే భుజాలు లాగేస్తాయో చూడగానే చెప్పేస్తాను. కానీ నాదంటూ ఒక బరువుంది. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక వయసులో ఉన్నప్పటినుంచీ మోస్తూనే ఉన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి చెబుదామనుకుంటూనే ఉన్నాను, ఆవిడ వెళ్లిపోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ ఏర్పాటు నాకు బాగానే ఉంది.

ఆ మాట రాసి మళ్లీ చదువుకున్నాను. బాగానే ఉందట! ఇంత వయసొచ్చినా నాకు ముందు గుర్తొచ్చేది నా సుఖమే.

సరే, మొదటినుంచీ చెబుతాను.

మాది బరంపురంలో తరాలుగా పాతుకుపోయిన కోమట్ల ఇల్లు. కింద ఇనప సామాన్ల కొట్టు, పైన కాపురం. నేను కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోవలసినవాణ్ణి. కూర్చోలేకపోయాను. వీధిలో పోయే ప్రతి తోపుడు బండీ నా ప్రాణం తీసేది. అప్పట్లో అన్ని సరుకులకీ ఒకటే బండి. నాలుగు సైకిలు చక్రాలు, మీద ఒక బల్ల. అరటిపళ్లకీ అదే, గాజులకీ అదే, పాత సీసాలకీ అదే. ఏ సరుకు అవస్థ దానిది కదా, అందరికీ ఈ ఒక్క బల్లేమిటి అని నాకు ఒళ్లు మండేది. మా నాన్న కొట్టు వెనక రేకుల షెడ్డు ఒకటి వేసిచ్చాడు. కొట్లో కూర్చుని వచ్చినవాళ్లతో బండ్ల గురించి వాదించడం కన్నా అదే నయమనుకున్నాడేమో.

ఊరగాయలు అమ్మే ఒకావిడకి జాడీలు కుదురుగా కూర్చునేలా గుంటలున్న చట్రం చేశాను. కింద కొబ్బరిపీచు పరిచాను. గతుకుల రోడ్డు మీద కూడా జాడీ మూత కదిలేది కాదు. అప్పడాలాయనకి మెట్లు మెట్లుగా వల తడికలు బిగించి చేశాను. పొద్దున్న పచ్చి అప్పడాలతో బయలుదేరి వీధులు తిరిగి బజారుకి చేరేసరికి అవి ఎండిపోయి ఉండేవి. పట్టుచీరలు నేసే సందుల్లో ఒక ముసలాయనకి పడుగు చుట్ట నలగకుండా తీసుకెళ్లడానికి పొడుగ్గా, సన్నగా ఒకటి చేశాను. మలుపు వస్తే అది ఉన్నచోటే గిర్రున తిరిగేది. దాన్ని చూడ్డానికి జనం ఆగిపోయేవారు. నేనూ ఆగేవాణ్ణి, జనం ఆగారా లేదా చూడ్డానికి.

అదే నా జబ్బు. బండి బాగుందంటే నాకు భోజనం అక్కర్లేదు. ఈ కథంతా ఆ జబ్బులోంచే వచ్చింది.

ఒక వర్షాకాలంలో సముద్రం ఒడ్డున ఉన్న సోనేపూర్ నుంచి మొగుడూ పెళ్లాలు వచ్చారు. అతను నూకరాజు, పడవ మీద సముద్రానికి వెళ్లే మనిషి. ఆమె ఎర్రమ్మ. అతను పట్టుకొచ్చిన చేపల్ని ఒడ్డునుంచి రోడ్డు దాకా మోసుకొచ్చి వ్యాను వాళ్లకి ఇచ్చేది. ఇసకలో మామూలు బండి చక్రాలు కూరుకుపోతాయి కాబట్టి అక్కడి ఆడవాళ్లంతా తట్టలు నెత్తినే మోసేవారు. కరిగిన ఐసునీళ్లు మొహం మీంచి, మెడ మీంచి కారుతూనే ఉండేవి. ఎర్రమ్మ మెడ వెనక చర్మం నానినట్టు తెల్లగా పాలిపోయి ఉండటం నేను చూశాను. చూసి జాలిపడ్డాను. అది నిజమే. కానీ ఇసక మీద నడిచే బండి ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు కదా అని ఆ క్షణంలోనే సంబరపడ్డాను కూడా. ఆ రెండింట్లో ఏది ఎక్కువ అంటే జవాబు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

చేపల బండి అనగానే మా అమ్మ గోల పెట్టింది. "కోమటి పుటక పుట్టి చేపల బండి చేస్తావురా?" అని. ఆ బండి పని చేసినన్నాళ్లూ పెరట్లో నూతి దగ్గర స్నానం చేస్తే గాని నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. ఇంకా చేప ఎక్కని బండికి ఆ మైలేమిటని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

ఇనప పీపాల్ని అడ్డంగా కోయించి వెడల్పు చక్రాలు చేశాను. అవి ఇసకని కోసుకుపోకుండా మీద మీద దొర్లిపోయేవి. ఐసుకి రెండు గోడల చెక్కపెట్టె పెట్టి మధ్యలో ఊక కూరాను. కరిగిన నీళ్లు తోసేవాళ్ల కాళ్ల మీద పడకుండా పక్కనుంచి సన్న గొట్టం దించాను. ఇక మిగిలింది ఊతకాలు. సైకిలుకి స్టాండు ఉంటుందే, అలాంటిదే. బండి ఆపినప్పుడు దించితే నేలకి ఆనుకుని, బండిని వెనక్కి జారనివ్వదు. సోనేపూర్‌లో ఒడ్డు నుంచి రోడ్డుకి ఎక్కాలంటే మట్టిగట్టు ఉంది, ఎత్తుగా. అందుకని ఊతకాలు చివర ఒక పలక వేసి దానికి కొబ్బరి కోరు పళ్లలాగా పళ్లు కోశాను. కాలితో తొక్కితే మట్టిని కరుచుకునేది. అలాంటి పలక మరే బండికీ లేదు. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

విశ్వకర్మ పూజనాడు బండి ఇవ్వాలనుకున్నాం. ఒడిశాలో ఆ పండగ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి బొమ్మ ముందు పేరుస్తాం. మళ్లీ మర్నాడు దాకా వాటిని ముట్టకూడదు. సుత్తి పట్టుకోకూడదు, వెల్డింగు రాడ్డు ముట్టుకోకూడదు. మా నాన్న తెలుగువాళ్ల ఆచారం ప్రకారం దసరాకి ఆయుధపూజ చేసేవాడు, షెడ్డులో పనివాళ్ల కోసం ఇదీ చేసేవాడు. ఆ రోజు పని ముట్టుకుంటే ఆ ఏడాది చేతికి దెబ్బ తగులుతుందని షెడ్డులో అందరికీ నమ్మకం. నాకూ నమ్మకమే.

పూజకి ముందురోజు సాయంత్రం పనివాళ్లంతా బొమ్మ తీసుకురావడానికి వెళ్లారు. నేనొక్కణ్ణే ఉన్నాను. ఊతకాలు వేలాడే చెవి, అంటే బండి చట్రానికి దాన్ని పట్టి ఉంచే ఇనప ముక్క, అది అతికించాలి. ముందు చిన్న చుక్కలాగా అతికిస్తాం, టాకు వెయ్యడం అంటాం. సరిగ్గా ఉందో లేదో కాలు ఊపి చూసుకుని, తర్వాత చుట్టూ నిండుగా వెల్డింగు చేస్తాం. టాకు వేశాను. కాలు ఊపి చూశాను, బ్రహ్మాండంగా పడింది. ఇంతలో కరెంటు పోయింది. ఎంతసేపు చూసినా రాలేదు. పొద్దున్నకి రంగు ఆరాలి కదా అని, ఆ టాకు మీదే రంగు వేసేశాను. పొద్దున్నే లేచి పూజకి ముందే వెల్డింగు చేసేద్దామనుకున్నాను. రంగు గీకి మళ్లీ వెయ్యడం ఎంతసేపు?

పొద్దున్న నేను లేచి కిందికి వచ్చేసరికి పనివాళ్లు నాకన్నా ముందే వచ్చి సామాన్లన్నీ కడిగేసి, వెల్డింగు మిషనుకి పసుపు బొట్టు పెట్టి, దండ వేసేశారు.

ఇక్కడ ఆగి నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. ఆ దండ తీసెయ్యలేకపోయావా? తీస్తే అపచారం, సరే. మరి బండి ఇవాళ ఇవ్వను, రేపు తీసుకెళ్లండి అనలేకపోయావా? అనొచ్చు. నోటికి ఏ అపచారమూ లేదు. కానీ చుట్టూ జనం. ఇసక మీద నడిచే బండి అని విని బజారు వాళ్లంతా వచ్చారు. దాని పీపా చక్రాలకి నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి, పెట్టె మీద చామంతి దండలు. నూకరాజు కొత్త పంచె కట్టుకొచ్చాడు. ఎర్రమ్మ నాలుగువైపులా తిరిగి బండిని చేత్తో తడుముతోంది. వాళ్లందరి మధ్యా నిలబడి ఈ బండి పూర్తి కాలేదని చెప్పడం నా వల్ల కాలేదు.

"ఇయ్యేళ మంచి దినం బాబూ, ఇయ్యేళే తోసుకెల్లిపోతాం" అన్నాడు నూకరాజు.

నేను నవ్వి, వీలున్నప్పుడు ఒకసారి తీసుకురండి, నట్లవీ బిగిస్తానన్నాను. ఎందుకు తీసుకురమ్మన్నానో చెప్పలేదు. అప్పటిదాకా గట్టు మీద ఆపకండి అనలేదు. టాకు కొన్నాళ్లు ఆగుతుందిలే అనుకున్నాను. ఆగింది కూడా. వాళ్లు బండి తీసుకురాలేదు, చేపలు బాగా పడుతున్న రోజులు. ఒకసారి నేనే వెళ్దామనుకున్నాను. దసరా పనులు మీద పడ్డాయి. మరిచిపోయాను అని రాయబోయి కొట్టేశాను. మరిచిపోలేదు. గుర్తొచ్చినప్పుడల్లా రేపు అనుకున్నాను.

దసరా వెళ్లాక కబురొచ్చింది. గట్టు మీంచి బండి వెనక్కి జారిపోయి, కింద తట్ట ఎత్తుకుంటున్న నూకరాజుని పడవ చెక్కకేసి అదిమేసిందని. మోకాలు నుజ్జయిపోయిందని.

మర్నాడు వెళ్లాను. నూకరాజుని అప్పటికే బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. బండి ఒడ్డున పక్కకి ఒరిగి పడి ఉంది. ఊతకాలు చెవితో సహా ఊడిపోయి గట్టు మొదట్లో పడి ఉంది. చెవి తిప్పి చూశాను. టాకు పడినంత మేర చిన్న మచ్చ, వెండిలా మెరుస్తోంది. మిగతాదంతా నా రంగే. ఊరివాళ్లకి ఆ మచ్చ అర్థం కాదు. నాకు అర్థమైంది.

అది చూసి కూడా నేను ఒక ఆశ పెట్టుకున్నాను, వినండి. ఎర్రమ్మ ఊత దించకపోయి ఉంటే? అప్పుడు తప్పు నాది కాదు కదా, బండి పడిపోవడంలోనే చెవి విరిగి ఉంటుంది కదా? ఆ ఆశతోనే గట్టెక్కాను. బండి ఆపిన చోట మట్టి గట్టిగా, కాస్త తడిగా ఉంది. జనం తొక్కగా మిగిలిన చోట ఒక అచ్చు కనబడింది. పలక అచ్చు. అంచున పళ్ల గుర్తులు, వరసగా. నేను కోసిన పళ్లే. బాగా లోతుగా దిగి ఉన్నాయి, ఎవరో కాలితో తొక్కినట్టు.

ఎవరూ నావైపు చూడటం లేదు. చెప్పుకాలితో దాన్ని చెరిపేశాను.

ఈ వాక్యం రాయడానికే ఇన్నేళ్లు పట్టింది. టాకు వెయ్యడం పొరపాటు. రంగు వెయ్యడం బద్ధకం. చెప్పకపోవడం పిరికితనం. వీటన్నిటికీ నేను ఏదో ఒక సాకు చెప్పుకోగలను. ఆ అచ్చు చెరిపెయ్యడానికి ఏం చెప్పుకోను? కాలు దానంతట అది కదల్లేదు. నేనే కదిపాను. మట్టి నున్నగా అయ్యేదాకా కదిపాను.

కిందికి దిగి వస్తుంటే ఎర్రమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఆమె అత్తగారు పక్కనే నిలబడి అప్పటికే ఊరందరి ముందూ తిడుతోంది. ఎర్రమ్మ నన్ను చూసి లేచింది. ఏడుపు లేదు. నన్నే చూస్తూ దగ్గరికి వచ్చింది.

"బాబూ, నువ్వు సేసిన బండి గదా, నీకైతే తెలుస్తాది. నాను ఊత దించినాను. దించీసి కాలితో తొక్కినాను కూడాను. నాకు బాగా గేపకం. మరేటి బాబూ ఇలగైపోనాది?"

చుట్టూ నిలబడ్డ వాళ్లంతా నావైపు తిరిగారు.

"ఊత దించితే బండి కదలదమ్మా" అన్నాను.

"అయితే నాను దించనేదంటావా?"

"హడావిడిలో దించాననుకుని ఉంటావు. ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది."

ఆమె తన కుడికాలు వైపు చూసుకుంది. తొక్కిన కాలు అదే. చాలాసేపు చూసుకుంది. నేను ఆ మొహం ఎన్నిసార్లు తలచుకున్నానో. మనిషి తన కాలిని తనే నమ్మడం మానేసే క్షణం అది.

"అంతే గావాల" అంది చివరికి. "మరిసిపోయుంటాను. నాదే పాపం."

"ఇనుకున్నారా?" అంది అత్తగారు అందరితో. "సేసినోడే సెప్తన్నాడు."

ఊతకాలు నుంచి ఊడదీసిన చెవి ముక్క నా చొక్కా జేబులో ఉంది. బరువుకి జేబు సాగుతోంది. దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. బండి నేను తీసుకెళ్లి బాగు చేయించి పంపిస్తానని చెప్పాను. పెద్ద మనసున్నవాడినని అక్కడున్న ఒక పెద్దాయన మెచ్చుకున్నాడు.

నూకరాజు బతికాడు. మోకాలు మాత్రం మళ్లీ మడత పడలేదు. పడవ ఎక్కలేకపోయాడు. ఒడ్డున ఖాళీగా కూర్చోలేక సంసారం బరంపురం తీసుకొచ్చేశాడు. అతను ఇంట్లో వలలు అల్లేవాడు, ఎర్రమ్మ అదే బండి తోసుకుంటూ వీధుల్లో చేపలు అమ్మేది. ఇసక కోసం చేసిన పీపా చక్రాలు తారురోడ్డు మీద గడగడమంటూ మోగేవి. ఆ చప్పుడు వింటే చాలు, వీధిలో ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవారు. నేను షెడ్డులో చేతిలో పని ఆపేసేవాణ్ణి. చక్రాలకి రబ్బరు తొడుగుతానని చాలాసార్లు అడిగాను. వద్దంది. చప్పుడుకే బేరాలొస్తున్నాయంది.

నేను నిండుగా వెల్డింగు చేసి బిగించిన కొత్త ఊతకాలు దానికి ఉంది. ఆమె దాన్ని దించేది. దించి, తొక్కి, వంగి చూసేది. ఆ తర్వాత పెట్టె పక్కనుంచి ఒక నల్లరాయి తీసి చక్రం కింద పెట్టేది. సోనేపూర్ నుంచి తెచ్చుకున్న రాయి. చదునైన రోడ్డు మీద కూడా పెట్టేది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, రాయి ఉందో లేదో మళ్లీ చూసేది. ఇంట్లోనూ అంతేనట. గడియ వేసి, వీధి చివరిదాకా వెళ్లి, గడియ వేశానో లేదో అని వెనక్కి వచ్చేదట. నూకరాజు ఆమెని తిట్టలేదు, కొట్టలేదు. ముఖ్యమైన పనేదీ ఆమె చేతికి ఇవ్వడం మాత్రం మానేశాడు. దీపం ఆర్పడం, పిల్లని స్నానానికి నూతి దగ్గరికి తీసుకెళ్లడం, అన్నీ కుంటుకుంటూ తనే చూసుకునేవాడు. ఇదంతా ఆమే చెప్పింది, మా షెడ్డు ముందు ఆగి మంచినీళ్లు తాగుతూ. మొగుడు మంచివాడని చెప్పడానికి చెప్పింది.

నా మీద ఆమెకి ఎంత గౌరవమో! బండి చేయించుకోడానికి వచ్చినవాళ్లు ఆమెని అడిగితే, "బాబు బండికి వంకెట్టక్కర్నేదు, తప్పు నాదే. ఊత దించడం మరిసిపోనాను" అని చెప్పేది. నా తరపున ఊరంతా తిరిగి సాక్ష్యం చెప్పింది. ఎన్నో బండ్లు ఆమె మాట మీదే అమ్ముడుపోయాయి.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పీ లాభం లేదు. సోనేపూర్ సంగతి జరిగాక నేను చేసిన ప్రతి బండికీ తనంతట తనే పడే బ్రేకు పెట్టాను. పిడి మీంచి చెయ్యి తీస్తే చాలు, చక్రం బిగుసుకుపోతుంది. ఎవరూ ఏదీ దించక్కర్లేదు. నా పేరు నిలబడింది దానివల్లే. ఖల్లికోట నుంచి, రంభ నుంచి, ఇచ్ఛాపురం అవతలినుంచి కూడా వచ్చి చేయించుకున్నారు. బజారు వర్తకులంతా కలిసి ఒకసారి నాకు శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. నేను లేచి, ఒక చేపలామె ఊత దించడం మరిచిపోయి మొగుడి కాలు పోగొట్టిందని, మనిషి మరిచినా బండి మరవకూడదని అప్పుడే నిశ్చయించుకున్నానని చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో బండ్లవాళ్ల మధ్య ఎర్రమ్మ కూడా కూర్చుని ఉంది. అందరూ తిరిగి చూస్తుంటే తల వంచుకుని, తనూ చప్పట్లు కొట్టింది.

ఎందుకన్నాను ఆ మాట? ఎవరూ అడగలేదే. అబద్ధం ఒకసారి ఆడి ఊరుకుంటే ఆగదు కాబోలు, దాన్ని మళ్లీ మళ్లీ ఆడితేనే మనకి నమ్మకం కుదురుతుంది. నాకైతే అదీ కుదరలేదు. చెవి ముక్కని పారెయ్యలేకపోయాను. సొరుగులో దాచాను. ఏటా విశ్వకర్మ పూజకి పనివాళ్లు సొరుగులన్నీ ఖాళీ చేసి కడుగుతారు కదా, అదీ బయటికి వచ్చేది. ఇదేమిటని అడిగితే పాత నమూనా అన్నాను. దానికీ బొట్టు పెట్టి దేవుడి ముందు పెట్టేవారు. ఏటేటా దాని ముందు నిలబడి దణ్ణం పెట్టాను.

నూకరాజు పోయాడు. చాలాకాలానికి, ఈమధ్యనే, ఎర్రమ్మా పోయింది. కొన్నాళ్లకి వాళ్ల కూతురు సరోజ ఆ పాత బండిని తోసుకుంటూ షెడ్డుకి వచ్చింది. చప్పుడు వినగానే లేచి నిలబడ్డాను. ఎర్రమ్మే అనుకున్నాను. బండి తను నడుపుకుంటుందట, ఇరుసు మార్చాలి, పెట్టె బాగు చెయ్యాలి. తర్వాత ఆ నల్లరాయి తీసి నా బల్ల మీద పెట్టింది. రాయి కింద పడకుండా పెట్టుకోడానికి బండికి ఒక చిన్న గూడు చెయ్యమంది. వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో మనుషుల్ని పోల్చుకోలేదట. కానీ ఎవరు మంచం దగ్గరికి వచ్చినా, "బండికి రాయెట్టినారా?" అని అడిగేదట.

గూడు చేశాను. పలచని రేకుతో, రాయి కొలతకి సరిగ్గా. నా చేతులతోనే చేశాను, పనివాళ్లకి ఇవ్వలేదు. నా జీవితంలో అంత కుదిరిన పని మరొకటి లేదు. బాగా కుదిరిందని సంతోషం కూడా కలిగింది. అప్పుడు నా మీద నాకే రోత పుట్టింది.

సరోజ బండి కోసం వచ్చినప్పుడు సొరుగులోంచి చెవి ముక్క తీసి రాయి ఉన్న గూటి పక్కన, బండి మీద పెట్టాను. చెప్పేశాను. టాకు, రంగు, గట్టు మీద అచ్చు, నా చెప్పుకాలు, అన్నీ.  అంతా విని, వాళ్లమ్మకి ఈ సంగతి తెలుసా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. అక్కడున్న బల్ల మీద కూలబడింది. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను, తాగలేదు. క్షమించమనబోయాను. చెయ్యి ఎత్తి ఆపేసింది.

"నాతో సెప్పి ఏటి లాభం?" అంది. "మా యమ్మది తప్పని ఊరికి సెప్పినావు గదా. ఊరికే సెప్పు."

లేచి, గూట్లోంచి రాయి తీసుకుంది. బండి తీసుకోలేదు. రాయిని కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రెండుసార్లు కబురు పెట్టాను, జవాబు లేదు. బండి ఇంకా నా షెడ్డులోనే ఉంది, ఖాళీ గూటితో.

అందుకని రాస్తున్నాను. ఊరికి చెప్పమంది కదా. ఇక్కడ కూడా నా పేరు రాయలేకపోయాను. రెండుమూడుసార్లు కలం పెట్టి తీసేశాను. పరువు అనే మాట ఈ వయసులో కూడా నా చెయ్యి పట్టుకుంటోంది. నన్ను మంచివాడనుకోవద్దు. చెప్పాక మనసు తేలికపడిందా అంటే, పడింది. అది కూడా నాకు దక్కకూడని తేలికే. తెలిసీ పుచ్చుకుంటున్నాను. కానీ నింద ఎర్రమ్మ పేరు మీదే వీధులన్నీ తిరిగింది కాబట్టి ఆమె పేరు మాత్రం దాచకుండా రాశాను. నా పేరంటారా, బరంపురంలో బండ్లు తోసేవాళ్లు ఇది వింటే వాళ్లకే తెలిసిపోతుంది. తెలియనివ్వండి.

పీపా చక్రాల చప్పుడు విని గిన్నెతో గుమ్మంలోకి వచ్చినవాళ్లు, రాయి పెట్టి వెనక్కి తిరిగి చూసుకునే ఆమెని చూసి నవ్వుకున్నవాళ్లు, ఆ రోజు సభలో చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట. ఆ అచ్చు నేను కళ్లారా చూశాను. ఎర్రమ్మ ఆ రోజు ఊత దించింది. దించి, కాలితో తొక్కింది కూడా.